మూడు గంటల విమానం

ముందుగదిలో పెద్దాయన బోర్లా పడి ఉన్నాడు. తల వెనక ఒకటే దెబ్బ. పక్కన ఇస్త్రీపెట్టె. ప్రాణం పోయింది మధ్యాహ్నం రెండింటికి అటూ ఇటూగా అని డాక్టర్ తేల్చాడు.

తలుపు ఎవరూ బద్దలుకొట్టలేదు. తాళంచెవి భార్య దగ్గరే ఉంది. బజారుకెళ్లి వచ్చేసరికే ఇలా ఉందని ఒక్క ముక్క చెప్పి, ఆవిడ నోటికి తాళం వేసుకుంది. ఎస్సైకి ఇంకేం కావాలి? అరెస్ట్ చేసేద్దాం మేడమ్ అన్నాడు, బస్సు వెళ్లిపోతున్నట్టు.

ఇన్‌స్పెక్టరమ్మకి ఆ తొందర నచ్చలేదు.

మర్నాడు ఉదయం మరిది దిగాడు. పెద్దాయనకి ఒక్కగానొక్క తమ్ముడు. దూరపు నగరంలో కోళ్ల హేచరీ సూపర్‌వైజర్. తల్లి పోయాక ఆరేళ్లవాణ్ని వదినే పెంచింది. వస్తూనే ఆవిడ కాళ్ల దగ్గర కూలబడి ఏడ్చాడు. ఏడుపులో లోటేమీ చేయలేదు.

రెండు నగరాల మధ్య వెయ్యి కిలోమీటర్లు. రోడ్డు మీదైతే ఒక పగలంతా పోతుంది. జెట్ విమానంలో గంటన్నర. కానీ నిన్నటి ప్యాసింజర్ లిస్టుల్లో అతని పేరే లేదు. ఫోన్ రోజంతా హేచరీలోనే ఉంది. రాత్రి ఏడున్నరకి చావుకబురు అందుకున్నదీ అక్కడే. అనుమానించడానికి సందే లేదు.

"ఏమైనా తిన్నారా?" అని మర్యాదకి అడిగింది ఇన్‌స్పెక్టరమ్మ.

"తిండా మేడమ్? మూడు గంటలు ఆ విమానంలో చెవులు హోరెత్తిపోయాయి. మంచినీళ్లిచ్చే దిక్కు కూడా లేదు."

ఎస్సై ఆ మాట పట్టించుకోలేదు. ఇన్‌స్పెక్టరమ్మ పట్టించుకుంది.

సాయంత్రం అందరినీ అదే గదిలో కూర్చోబెట్టింది.

"ఇవాళ మీరొచ్చిన విమానం గంటన్నరలో దిగింది. అందులో నీళ్లూ ఇచ్చారు. ఈ దారిలో మూడు గంటలు పట్టేది ఒక్కటే ఉంది. రెక్కలకి ఫ్యాన్లు తిరిగే పాత కార్గో విమానం."

అప్పుడే గుడ్డు పగిలి వచ్చిన కోడిపిల్లల్ని అందులోనే పంపుతారు. అవి ఊపిరాడక చావకుండా చూసుకోవడానికి హేచరీ మనిషి ఒకడు వెంట ఎక్కుతాడు. ప్యాసింజర్ లిస్టులో వాడుండడు. నిన్న ఉదయం వెళ్లాల్సిన పనివాణ్ని ఆపేసి, సూపర్‌వైజరే ఎక్కాడని హేచరీవాళ్లు చెప్పారు. పన్నెండింటికి ఇక్కడ దిగాడు. నాలుగింటికి అదే విమానంలో వెనక్కి వెళ్లాడు. అన్నే తలుపు తీసి లోపలికి రమ్మన్నాడు.

మరిది కాసేపు బుకాయించాడు, తర్వాత అదీ మానేశాడు. ఇల్లు వదిన పేర రాస్తానన్నాడట అన్న. అన్న పోయి, వదిన జైలుకెళ్తే ఇల్లు ఇంకెవరిది? పెంచిన చేతులకే బేడీలు వేయించబోయాడు వెధవ.

ఆ బేడీలు అతనికే పడ్డాయి. అయినా వదిన ఉలకలేదు, పలకలేదు. ఆ మౌనం ఇన్‌స్పెక్టరమ్మని నిన్నటినుంచీ తొలుస్తోంది. బజారు నుంచి వస్తూ దారిలో ఇతన్ని చూశారు కదూ అని అడిగింది. ఆవిడ తలూపింది.

"మరి ఎందుకు చెప్పలేదమ్మా? మీ మెడకే చుట్టుకునేది."



"వాడూ నన్ను చూశాడు మేడమ్. చూసి కూడా పరుగెత్తలేదు. నేను చెప్పనని వాడికి తెలుసు."