రెండోసారికి నోచుకోని మెనుయెట్

పేజీలు తిప్పేవాణ్ని ఎవరైనా చంపుతారా?

చంపారు. గురువారం మధ్యాహ్నం రెండింటికి, కాన్సర్ట్ హాలు వెనకాల కోట్లు తగిలించే గదిలో, ఇరవై ఏడు కోట్ల మధ్య ఇరవై ఎనిమిదో కోటులా వేలాడుతూ దొరికాడు. పియానో వాయించేవాళ్ల పక్కన కూర్చుని స్వరాల పుస్తకంలో పేజీలు తిప్పడం అతని ఉద్యోగం. అది పైకి. నిజానికి అతను సీక్రెట్ సర్వీస్ మనిషి. జేబులోని సిగరెట్ పెట్టె మీద పెన్సిల్‌తో రెండే మాటలు రాసి ఉన్నాయి: ‘రెండోసారి చూడు.’

“ఏది రెండోసారి? ఏం చూడాలి? చచ్చేవాడు కాస్త వివరంగా రాసి చావొచ్చుగా!” అని విసుక్కున్నాడు డైరెక్టర్.

డైరెక్టర్ బల్ల మీద మూడు ఫోన్లున్నాయి. ఒకటే పనిచేస్తుంది. ఆయన కూడా దాదాపు అదే లెక్కన పనిచేస్తాడు. ఎదుటి కుర్చీలో కూర్చున్న ఏజెంట్‌ని ఆఫీసులో అందరూ నక్షత్రకుడు అంటారు. ఒకసారి వెంటపడ్డాడంటే వదలడు కాబట్టి.

“విషయం విను. శత్రుముఠా చేతికి ఒక పేరు, ఒక అడ్రస్ చిక్కాయి. సరిహద్దు అవతల పనిచేస్తున్న మన మనిషిది. కోడ్ నేమ్, కళ్లజోడు.”

నక్షత్రకుడు కుర్చీలోంచి లేచాడు. కళ్లజోడు అతని అక్క. తొమ్మిదేళ్లుగా శత్రు రాజధానిలో కళ్లద్దాల దుకాణం నడుపుతోంది. అమ్మ పోయిన దగ్గర్నుంచి అన్నం కలిపి ముద్దలు పెట్టి పెంచిన అక్క.

“వెంటనే కబురు పెట్టండి, వచ్చేస్తుంది.”

“సోమవారం పొద్దున గానీ ఆమె రిసీవర్ తెరవదు. తెలిసే అడుగుతావేం? అప్పటిదాకా ఆ అడ్రస్ ఊరు దాటకూడదు. ఫోన్లు, టపా, సరిహద్దు, అన్నీ బిగించేశాం. చీమ కూడా దూరదు.”

“అయితే ముఠావాళ్లు దాన్ని ఎలా బయటికి పంపిస్తారు?”

“అది కనుక్కోడానికే నువ్వు. ఆదివారం సాయంత్రం నాలుగింటికి కచేరీ. పోయినవాడి కుర్చీలో నువ్వు కూర్చో. పియానో వాయించేది మన మనిషే. డబుల్ ఏజెంట్. అవతలివాళ్ల దగ్గర జీతం తీసుకుంటూ మనకి పనిచేస్తుంది. కోడ్ నేమ్ నెమలి.” ఆ పేరు పలికినప్పుడు డైరెక్టర్ నోట్లో పాకం ఊరినట్టయింది. “ఆవిణ్ని మాత్రం అనుమానించకు. వజ్రం!”

గాజుముక్కని చూసి వజ్రం అనుకునే కళ్లకి ఏ కళ్లద్దాలూ పనికిరావు. నక్షత్రకుడు ఆ మాట మింగేసి, చొక్కా చేతికి పెట్టుకునే కఫ్‌లింక్‌లో దాచిన కెమెరా తీసుకుని బయటపడ్డాడు.

పేజీలు తిప్పాలంటే స్వరాలు చదవడం రావాలి. అందుకు మూడంతస్తులు ఎక్కి, రిటైరైన ఒక పియానో టీచరమ్మ తలుపు తట్టాడు. ఇచ్చిన కోడ్ వర్డ్ చెప్పాడు.

“పియానో అమ్ముతారా?”

“అమ్మను. మీ డైరెక్టర్ పంపిన మొద్దువి నువ్వేనా? చెప్పులు విప్పి లోపలికి రా.”

మూడు రోజులు వాయించేసింది, పియానో కాదు, అతన్ని.

“సంగీత చరిత్రంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. బరోక్ కాలంవాళ్లకి ఖాళీ కనిపిస్తే ఒళ్లుమండేది, అక్కడో నగ దిగేసేవాళ్లు. తర్వాత క్లాసికల్ కాలం. వాళ్లకి అన్నీ కొలత ప్రకారం ఉండాలి. ఆ తర్వాత రొమాంటిక్ కాలం. గుండె బద్దలైతే గానీ స్వరం కట్టరు. అర్థమైందా?”

“అయిందండీ.”

“అవలేదు. సరే, సొనాటా అంటే? మొదటి భాగంలో రెండు రాగాలు పరిచయమవుతాయి, చెరో శ్రుతిలో. మధ్యలో కొట్టుకుంటాయి. చివర్లో రెండూ ఒకే శ్రుతిలోకొచ్చి సర్దుకుంటాయి. కొత్త కాపురం లాగన్నమాట. ఆ పరిచయాన్ని రెండుసార్లు వాయిస్తారు, నీలాంటివాళ్లకి ఒక్కసారితో ఎక్కదని.”

రెండుసార్లు! నక్షత్రకుడు నిటారుగా కూర్చున్నాడు. “రెండోసారి ఏమైనా మారుతుందాండీ?”

“అక్కడ మారదు. మెనుయెట్‌లో మారుతుంది. అది నాట్యం. మెనుయెట్ వాయించి, మధ్యలో ట్రియో అని ఇంకో నాట్యం వాయించి, పేజీలు వెనక్కి తిప్పి మళ్లీ మొదటి మెనుయెట్ వాయిస్తారు. రెండోసారి అచ్చం అలాగే వాయిస్తే వాడు మనిషి కాదు, మరబొమ్మ. సొంతంగా గమకాలు వేసుకోవాలి. ఎవరి ఓపిక వాళ్లది, ఎందుకు వేశావని ఎవడూ అడగడు. ఇదిగో, ఈ పొడుగు అలగీత గీస్తే స్వరాన్ని చాలాసేపు వణికించు. ఈ పొట్టి మెలికైతే ఒక్క విదిలింపు. గాడిదా, కాగితం చూడు, నన్ను కాదు!”

ఆదివారం నాలుగింటికి హాలు నిండింది. అందులో సంగీతం కోసం వచ్చినవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మిగతావాళ్లు పట్టుబట్టలు చూపించడానికీ, చూడటానికీ వచ్చారు. మొదటి వరసలో డైరెక్టర్, జేబురుమాలు గులాబీలా మడిచి పెట్టుకుని. పక్క గాజు బూత్‌లో రేడియో అనౌన్సర్. లైవ్ ప్రసారం, సరిహద్దుకి అటూ ఇటూ వినిపిస్తుంది. ఫోన్లు బిగించిన మహానుభావుడికి ఆ మైకు మాత్రం తట్టలేదు.

నెమలి వచ్చింది. పచ్చని గౌను, మెడ నిండా రాళ్లు, హాలంతా తన సొంత వాకిలైనట్టు నడక. వంగి నక్షత్రకుడితో అంది. “కొత్తవాడివా? నేను తల ఊపితేనే తిప్పు. దగ్గకు. ఊపిరి కూడా మెల్లిగా పీల్చుకో.”

“అలాగేనండీ.”

సొనాటా మొదలైంది. పరిచయం ఒకసారి, మళ్లీ రెండోసారి. నక్షత్రకుడు చెవులు రిక్కించాడు. ఏమీ మారలేదు. మొదటి భాగం ముగియగానే మూడో వరసలో ఎవరో పాపం చప్పట్లు కొట్టారు. మూడు వందల తలలు గిర్రున తిరిగాయి. భాగాల మధ్య కొట్టకూడదట, అంతా అయ్యాకే కొట్టాలట. ఆ మనిషి కుర్చీలో కుంగిపోయాడు. తిరిగి చూసినవాళ్లకి మాత్రం తెలుసా? అందరి చేతులూ ఒళ్లో ఉన్నాయి, అందరి కళ్లూ పక్కవాడి చేతుల మీద ఉన్నాయి.

రెండో భాగం గడిచింది. మూడోది, ఆఖరుది, మెనుయెట్.

పేజీ తిప్పగానే నక్షత్రకుడు ముందుకి వంగి చూశాడు. అచ్చు స్వరాల మీద సన్నగా పెన్సిల్ గుర్తులు. పొడుగు అల, పొట్టి మెలిక, పొట్టి, పొడుగు. నెమలి వాటి జోలికి పోకుండా ఉత్త స్వరాలే వాయిస్తోంది. ఇప్పుడు అక్కర్లేదు కాబట్టి. రెండోసారికి దాచుకుంది.

పొడుగు, పొట్టి. ఇరవై ఏళ్లు టెలిగ్రాఫ్ కోడ్‌తో బతికినవాడికి అది చదవడం ఎంతసేపు? మొదటి వరసలో వీధి పేరు. దాని కింద దుకాణం నంబరు. ఆ కింద అక్క పేరు, అమ్మ పెట్టిన అసలు పేరు. ఆ పేరు తెలిసినవాళ్లు లోకంలో ముగ్గురే. అక్క, తను, డైరెక్టర్. అక్క చెప్పలేదు, తను చెప్పలేదు. అంటే ఈ వజ్రం ముందు గొప్పలకి పోయి ముసలి వెధవ వాగేశాడన్నమాట!

కఫ్‌లింక్ కెమెరా రెండుసార్లు క్లిక్‌మంది. ట్రియో మొదలైంది. ఇంకా రెండు నిమిషాల టైముంది. పుస్తకం లాక్కుని పారిపోతే? గుట్టు బయటపడిందని హాల్లో ఉన్న ముఠా మనుషులకి తెలిసిపోతుంది. వాళ్లు ఇంకో దారి చూసుకుంటారు, తెల్లారేలోగా అక్క తలుపు విరుగుతుంది. అరిస్తే? డైరెక్టరే ముందు తనని పట్టించి బయట పడేయిస్తాడు. పేజీలు తిప్పేవాడి మాట నమ్మేదెవరు?

ఎవరూ అనుమానించకుండా ఆపాలి. మూర్ఖుడిలా ఆపాలి.

ట్రియో ఆఖరి స్వరం పడింది. నెమలి తల ఊపింది, పేజీలు వెనక్కి తిప్పమని. వేళ్లు పియానో మెట్ల మీదకి దిగుతున్నాయి.

నక్షత్రకుడు పుస్తకం టప్పున మూశాడు. లేచి నిలబడి, పరవశించిపోయినవాడిలా, చప్పట్లు కొట్టాడు.

ఒక్క క్షణం హాలు బిత్తరపోయింది. పియానో పక్కన కూర్చున్నవాడు, కాగితం చదవగలిగినవాడు, వాడికి తెలియదా? అమ్మయ్య, అయిపోయింది! అందరికన్నా ముందు లేచింది ఎవరనుకున్నారు? డైరెక్టరే. “బ్రావో!” అంటూ గులాబీ జారిపడేలా చప్పట్లు చరిచాడు. ఆయన్ని చూసి మొదటి వరస లేచింది, దాన్ని చూసి రెండోది. మూడో వరసలో ఇందాకటి మనిషైతే పగ తీర్చుకున్నట్టు కొట్టాడు. టీచరమ్మ మూడు రోజులు తిట్టి నేర్పిన చదువు మూడు వందల మందిలో ఒక్కడికీ లేనందుకు నక్షత్రకుడు మనసులోనే చేతులెత్తి దండం పెట్టాడు.

నెమలి “ఇంకా ఉంది...” అంటూ నోరు తెరిచింది. ఆ హోరులో ఎవరికి వినపడుతుంది? పుస్తకం కోసం చేయి చాచింది. కానీ ముఖం అప్పటికే జనం వైపు తిరిగిపోయింది. చప్పట్లు వినపడితే వంగకుండా ఉండలేని నడుము అది. వంగింది. చిరునవ్వు నవ్వింది. ఇంకోసారి వంగింది.

గాజు బూత్‌లో అనౌన్సర్, అతనికీ ఏమీ తెలీదు కాబట్టి, ముగింపు వాక్యం చదివి మీట నొక్కేశాడు. సరిహద్దు అవతల పెన్సిల్ పట్టుకుని కూర్చున్నవాడికి అడ్రస్‌కి బదులు రేపటి వాన సమాచారం అందింది.

గ్రీన్‌రూమ్‌లో నెమలి ఆటోగ్రాఫులు ఇస్తుండగా, నక్షత్రకుడు గుట్టుగా పిలిపించిన, పోలీసు దుస్తుల్లో లేని ఇద్దరు పోలీసులు పక్కన నిలబడ్డారు. ఆమె నక్షత్రకుణ్ని కాల్చేసేలా చూసింది.

“ఎక్కడ చప్పట్లు కొట్టాలో కూడా తెలీని పశువువి నువ్వు!”

“అవునండీ,” అని పుస్తకం సంచిలో పెట్టుకున్నాడు.

సోమవారం పొద్దున అక్క రిసీవర్ తెరవగానే కబురు వెళ్లింది. ఆరు గంటల పది నిమిషాలకి టెలిగ్రాఫ్ కోడ్ కొట్టే ఆమె చేతి తాళం వినపడింది. ‘దుకాణం మూశాను. బయల్దేరాను. అన్నం తిన్నావా?’ నక్షత్రకుడు హెడ్‌ఫోన్ తీయకుండానే చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

ఆ రోజు పత్రికలో సంగీత విమర్శకుడు అరపేజీ రాశాడు: మెనుయెట్‌ని తిరిగి వాయించకుండా ట్రియోతోనే ముగించడం శతాబ్దాల సంప్రదాయాన్ని ధిక్కరించిన మహాసాహసమట. తర్వాతి ఆదివారం మరో పియానిస్టు కూడా ట్రియో దగ్గరే ఆపేశాడు. జనం లేచి నిలబడి మరీ చప్పట్లు కొట్టారు.