మసక పడ్డ మూడక్షరాలు

గౌరీశ్వరి మెట్లెక్కి వచ్చేసరికి డిటెక్టివ్ గురునాథరావు కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకుని ఉన్నాడు. సీతమ్మధారలో ఒక డాక్టరుగారి క్లినిక్ మీది గది అది. 1982 మే నెల. కిటికీ తెరిస్తే వడగాలి, మూస్తే ఉక్క. కేసు లేక వారం దాటింది, వచ్చినా చేసే ఓపిక ఆయనకు లేదని అసిస్టెంట్ జగ్గయ్యకు తెలుసు. అయినా ఆ బుర్ర మీద జగ్గయ్యకున్న గురి ఇసుమంతైనా తగ్గలేదు. పోర్టులో నిక్షేపంలాంటి ఉద్యోగం వదులుకుని మరీ ఈ మనిషి వెంట వచ్చాడాయన.

"బాబూ, నా ఉద్యోగం పోతాది," అంది ఆ అమ్మాయి కూర్చోకుండానే.

"కూర్చోమ్మా. మొదట్నుంచీ చెప్పు."

"మా భూమి ఉక్కు ఫ్యాక్టరీలోకి ఎల్లిపోనాది. నాన్నకి పని నేదు. నాను లతీఫ్ మాస్టారి దగ్గర టైపు నేర్సుకుని హయ్యర్ పాసయ్యేను. హార్బరు రోడ్డులో ఓడల కంపెనీ పెట్టిన టెస్టులో ఫస్టొచ్చేను. సోమవారం సేరమన్నారు. ఇప్పుడేమో నా సర్టిఫికెట్టు దొంగదని ఎవలో ఆకాశరామన్న ఉత్తరం రాసేరంట. శనివారం లోపు తేలకపోతే ఆర్డరు రద్దంట బాబూ!"

అప్పటికి గురువారం. సర్టిఫికెట్ నిజమైనదేనని హైదరాబాదు నుంచి జవాబు తెప్పించాలంటే నెల పడుతుంది.

"ఆ ఉత్తరం నువ్వు చూశావా?"

"నేదు. మేనేజరుగారు సూపించనేదు."

కంపెనీ వాళ్ళు ఇంటర్వ్యూకి పిలిచిన కాగితం మాత్రం ఆమె సంచీలో ఉంది. గురునాథరావు దాన్ని వెలుతురుకు పెట్టి చాలాసేపు చూసి జేబులో పెట్టుకున్నాడు.

ఆ సాయంత్రం ఓడల కంపెనీ ఆఫీసులో మేనేజరు రమణమూర్తి ఆకాశరామన్న ఉత్తరాన్ని బల్ల మీద పడేశాడు. "ఇందులో తేల్చడానికేముందండీ? ఇంగ్లీషు 'ఇ' అక్షరానికి తోక విరిగింది. లతీఫ్ దగ్గరున్న నాలుగో నంబరు మిషన్ అది. నేను వెళ్ళి పోల్చి చూశాను. టెస్టులో సెకండొచ్చింది ఎవరనుకున్నారు? ఆయన కూతురు షబానా."

"అయితే అది అసూయతో రాసిన ఉత్తరమే కదా."

"కావచ్చు. కానీ నేర్పిన మాస్టరే దొంగ సర్టిఫికెట్ అంటే, అందులో ఎంతో కొంత నిజం ఉండదూ?"

గురునాథరావు ఇంటర్వ్యూ కాగితం తీసి చూపించాడు. "ఇది ఎవరు కొట్టారు?"

"మా హెడ్ టైపిస్టు శ్రీరామ్మూర్తి. ఇరవై తొమ్మిదేళ్ళ సర్వీసు. టెస్టు పెట్టింది కూడా ఆయనే."

గదికి తిరిగొచ్చాక గురునాథరావు, మేనేజరుని అడిగి తెచ్చిన ఆకాశరామన్న ఉత్తరాన్ని జగ్గయ్య చేతిలో పెట్టాడు. "ఇందులో ఏ ఇంగ్లీషు మాటలో అక్షరం మసగ్గా పడిందో అవన్నీ రాయి."

క్వార్టర్, జోన్, ఫేక్, వైజాగ్... జగ్గయ్య చెమట తుడుచుకుంటూ ముప్పై దాకా రాశాడు. ప్రతి మాటలోనూ 'ఏ', 'క్యూ', 'జెడ్' అనే మూడక్షరాల్లో ఏదో ఒకటి ఉంది. అవి మాత్రమే వెలవెలబోతున్నాయి. పక్క అక్షరాలు నిగనిగలాడుతున్నాయి.

"రిబ్బన్ పాతదేమో సార్."

"రిబ్బన్‌కి అక్షరాల మీద పక్షపాతం ఉంటుందా జగ్గయ్యా?"

మర్నాడు పాతనగరంలో లతీఫ్ ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్ళారు. గురునాథరావు నాలుగో మిషన్ ముందు కూర్చుని ఆ మూడక్షరాలూ పదేసి సార్లు కొట్టాడు. అన్నీ నల్లగానే పడ్డాయి.

"అల్లా సాక్షి సార్, నేను రాయలేదు. ఆ పిల్ల నా ఇన్‌స్టిట్యూట్‌కే పేరు తెచ్చింది," అన్నాడు లతీఫ్.

"ఈ మిషన్ మీద ఎవరెవరు కూర్చుంటారు?"

"పొద్దున ఆరు గంటల బ్యాచ్‌లో గౌరీశ్వరిది మూడో మిషన్. దాని పక్కన ఇది శ్రీరామ్మూర్తి గారిది. స్పీడ్ తగ్గకూడదని నాలుగు నెలలుగా వస్తున్నారు. ఆయన లేచాక షబానా కూర్చుంటుంది."

శనివారం మధ్యాహ్నం కంపెనీ హాల్లో అందరూ సమావేశమయ్యారు. గురునాథరావు మూడు మిషన్లు వేయించి లతీఫ్‌నీ, షబానానీ, శ్రీరామ్మూర్తినీ కూర్చోబెట్టాడు. "బజార్, క్వార్ట్జ్, ప్లాజా. ఈ మూడు మాటలే కొట్టండి."

తండ్రీ కూతుళ్ళు చకచకా కొట్టేశారు. శ్రీరామ్మూర్తి చేతులు మొదటి మాట దగ్గరే ఆగిపోయాయి.

"టైపు పద్ధతిగా నేర్చుకున్నవాళ్ళు మీటల వంక చూడరు," అన్నాడు గురునాథరావు. గెలిచిన ఉత్సాహం ఆ గొంతులో లేదు. "ఏ వేలికి ఏ మీటో చేతికే తెలుసు. ఏ, క్యూ, జెడ్ ఎడమ చిటికెన వేలివి. ఆ వేలికి బలం చాలకపోతే ఆ మూడే మసగ్గా పడతాయి. నాలుగో మిషన్ మీద నేను కొడితే మూడూ నల్లగా పడ్డాయి కాబట్టి లోపం మిషన్‌లో లేదు. ఈ ఇంటర్వ్యూ కాగితం మీ ఆఫీసు మిషన్ మీద కొట్టింది. దీంట్లోనూ అవే మూడక్షరాలు మసక. మిషన్లు రెండు, వేలు ఒక్కటే. శ్రీరామ్మూర్తిగారూ, దొంగ ఉత్తరాన్ని రెండు వేళ్ళతో పొడిచి ఉంటే మిమ్మల్ని ఎవరూ పట్టుకోలేకపోయేవారు. ఇరవై తొమ్మిదేళ్ళ పద్ధతి, దొంగపనిలో కూడా చెయ్యి తప్పలేదు."

శ్రీరామ్మూర్తి ఎడమ చెయ్యి ఒళ్ళో దాచుకున్నాడు. "చలికాలం నుంచీ ఆ వేలు చచ్చుబడింది బాబూ. పిల్లల పక్కన కూర్చుని కొడితే పట్టొస్తుందనుకున్నాను. రాలేదు. ఈ పిల్ల వేళ్ళు చూసినప్పుడల్లా నా కుర్చీ గుర్తొచ్చేది. ఇంకా రెండేళ్ళ సర్వీసుంది నాకు. సర్టిఫికెట్లో ఏ తప్పూ లేదు."

"సోమవారం వచ్చి చేరమ్మా," అన్నాడు రమణమూర్తి.

గౌరీశ్వరి ముసలాయన దగ్గరికి నడిచింది. తిడుతుందనుకున్నాడు జగ్గయ్య. తిట్టినా తప్పులేదనుకున్నాడు.

"మీ ఏలు పని సెయ్యట్నేదని నాకు ఎప్పుడో తెలుసు సార్. పక్కనే కూకుని సూసేదాన్ని కదా. మీ పరువు పోతాదని ఎవలికీ సెప్పనేదు. ఈ ఉద్యోగం వస్తే పెద్ద కాయితాలన్నీ నానే కొట్టేద్దామనుకున్నాను."

శ్రీరామ్మూర్తి తల ఎత్తలేదు.

కేసు తేలిన ప్రతిసారీ జగ్గయ్య దారి పొడుగునా ప్రశ్నలతో గురునాథరావుని వేపుకు తినేవాడు. ఆ రోజు హార్బరు రోడ్డు దాటి బస్సెక్కేదాకా ఒక్క మాట కూడా అడగలేదు.