తాతయ్య అనబోయిన మాట

శనివారం ఒంటిపూట బడి. చిటపట ఇంటికి రాగానే బ్యాగు ఒక మూల, బూట్లు ఇంకో మూల పడేసి, టైలరింగ్ షాపులోకి పరుగెత్తింది. తాతయ్య కుర్చీ పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. అమ్మ కుట్టుమిషన్ మీద వంగి, ఒక నల్ల కోటుకు లైనింగ్ వేస్తోంది.

ఆ పిల్ల అసలు పేరు స్కూల్లో హాజరు పిలిచేటప్పుడు తప్ప ఎక్కడా వినపడదు. కాలిన పెనం మీద నీళ్లు చల్లినట్టు మాట్లాడుతుందని తాతయ్యే ఆ ముద్దుపేరు పెట్టాడు. అందరికీ అదే అలవాటైపోయింది.

షాపు తాతయ్యదే. పైన ఇల్లు, కింద షాపు. కొన్ని నెలల కిందట, ఒక ఉదయం బట్ట కోస్తూ కోస్తూ ఆయన కత్తెర జారవిడిచాడు. నోరు ఒక పక్కకు లాగేసింది. మెదడులో ఒక సన్నని రక్తనాళం మూసుకుపోయిందని ఆసుపత్రిలో చెప్పారు. కాలూ చెయ్యీ మెల్లమెల్లగా స్వాధీనంలోకి వచ్చాయి. మాట మాత్రం సరిగ్గా రాలేదు. మొదటి అక్షరం వచ్చి అక్కడే నిలబడిపోతుంది. ఒక్కోసారి కత్తెర అనబోయి కిటికీ అంటాడు. అవును అనాల్సిన చోట కాదు అనీ, కాదు అనాల్సిన చోట అవును అనీ అంటాడు.

అప్పటినుంచి తాతయ్య మాటల బాధ్యత చిటపట తీసుకుంది. ఎవరూ అప్పగించలేదు, తనే తీసుకుంది. ఆయన "క" అంటే చాలు, కళ్లజోడు తెచ్చి ముక్కు మీద పెట్టేది. "టీ" అనబోతుంటే వంటింట్లోకి కేక వేసేది. షాపుకు వచ్చినవాళ్లు ఆరోగ్యం ఎలా ఉందని ఆయన్ను అడిగితే, తిండి దగ్గర్నుంచి నిద్రదాకా జవాబంతా తనే చెప్పేది. "మా చిటపట లేకపోతే నాన్నకు నోరే లేదు" అని అమ్మ ఒకసారి పక్కింటావిడతో అంది. అది విన్న రోజు ఆ పిల్ల కాళ్లు నేల మీద ఆనలేదు.

ఆ నల్ల కోటు వయొలిన్ మాస్టారిది. ఆదివారం సాయంత్రం ఆయన కచేరీ ఉంది. జబ్బు పడకముందు తాతయ్యే కొలతలు తీసుకుని బట్ట కోసిపెట్టాడు. ఇప్పుడు అమ్మ కుట్టి పూర్తి చేస్తోంది. కోటు చేతులు రెండూ అతికించి టేబుల్ మీద పరిచి చూసేసరికి, ఎడమ చెయ్యి కాస్త పొడుగ్గా కనిపించింది. టేపు పెట్టి చూసింది. నిజంగానే పొడుగు.

"నాన్నా, ఇది ఎందుకిలా ఉంది? కావాలనే వదిలావా, పొరపాటున వచ్చిందా?" అని అడుగుతూనే సూదికోసం వెతుక్కుంటోంది అమ్మ.

తాతయ్య కుర్చీలో ముందుకు వంగాడు. పెదవులు కదిలాయి. "పొ..." అన్నాడు. మళ్లీ ప్రయత్నించాడు. "పొ... పొ..."

బయట వీధిలో పిల్లలు ఆట మొదలుపెట్టేశారు. చిటపట కళ్లు అటే ఉన్నాయి.

"పొట్టి చెయ్యమంటున్నాడమ్మా" అంది. "అంతే కదా తాతయ్యా?"

"అవును, అవును" అన్నాడు తాతయ్య. నోరు అవునంటోంది కానీ తల అడ్డంగా ఊగుతోంది. చిటపట అది చూసింది. మాట కోసం అవస్థపడేటప్పుడు ఆయన తల అలా ఊగడం మామూలేలే అనుకుంది. ఒక్క గంతులో గుమ్మం దాటింది. వెనకాల ఆయన చేత్తో కుర్చీని తట్టడం వినిపించినా ఆగలేదు.

అమ్మ ఆ కోటు ఎడమ చేతి అంచు కోసేసి, కుడిదానికి సమానంగా మడిచి కుట్టేసింది.

సాయంత్రం మాస్టారు కోటు చూసుకోవడానికి వచ్చారు. వయొలిన్ పెట్టె కూడా వెంట తెచ్చారు. అద్దం ముందు నిలబడితే కోటు అచ్చంగా ఆయనకోసమే పుట్టినట్టుంది. అమ్మ ముఖం వెలిగింది. ఆయన నవ్వుతూ వయొలిన్ తీసి, భుజం మీద ఆనించి, ఎడమ చెయ్యి ఎత్తారు. కోటు చెయ్యి సర్రున పైకి పాకి, లోపలి చొక్కా గుండీ దాటి, మణికట్టంతా బయటపడింది.

మాస్టారు చెయ్యి దించి, మళ్లీ ఎత్తి చూసుకున్నారు. ఆయన కోప్పడే మనిషి కాదు. తాతయ్య తనకు కుట్టే కోట్లన్నిటికీ ఎడమ చెయ్యి కాస్త పొడుగ్గానే ఉండేదని, వయొలిన్ పట్టుకుంటే సరిగ్గా వచ్చేదని మాత్రం మెల్లగా చెప్పారు. సంగతి తన నోటినుంచి రావడమే తప్పయినట్టు మొహమాటపడ్డారు. రేపటికి ఏదో ఒకటి చేస్తామని అమ్మ మాట ఇచ్చి పంపింది.

ఆయన వెళ్లాక తాతయ్య కుర్చీని గోడవైపు తిప్పుకుని కూర్చున్నాడు.

చిటపట అమ్మ దగ్గరికి వెళ్లి, కొంగు అంచు పట్టుకుని నిలబడింది. "తాతయ్య తల అడ్డంగా ఊపాడమ్మా. నేను చూశాను. పొడుగు ఉండాలి అనబోయాడేమో."

అమ్మ కోసేసిన గుడ్డముక్కను వేళ్ల మధ్య తిప్పుతూ ఉండిపోయింది. "నేను కూడా తలెత్తి చూడాల్సింది" అంది చివరికి. ఆ మాట తిట్టుకన్నా గట్టిగా తగిలింది.

రాత్రి భోజనాల దగ్గర తాతయ్య నోరు విప్పలేదు. చిటపట నాన్న డ్యూటీ నుంచి వచ్చి పలకరించినా తల ఊపి ఊరుకున్నాడు. ఇదివరకు కనీసం మొదటి అక్షరమైనా వచ్చేది. ఇప్పుడు అదీ లేదు. చిటపట పళ్లెంలో అన్నం కెలికి కెలికి వదిలేసింది.

మరునాడు పొద్దున మాటల డాక్టరమ్మ వచ్చింది. ఆవిడ స్పీచ్ థెరపిస్ట్. ఆదివారాలు ఇంటికే వచ్చి తాతయ్యతో మాటలు పలికిస్తుంది. బొమ్మలు చూపించి పేర్లు అడుగుతుంది. పాట పాడిస్తుంది. మాట తడబడే తాతయ్య, పాటయితే కొన్నిసార్లు గడగడా పాడేసేవాడు. ఆ రోజు ఆయన బొమ్మలవైపు చూడనే లేదు. ఆవిడ కాసేపు బుజ్జగించి, పట్టుబట్టకుండా, వరండాలోకి వచ్చింది. అక్కడ మెట్టు మీద మోకాళ్లలో తల దాచుకుని చిటపట కూర్చుని ఉంది.

ఏం జరిగిందో ఆ పిల్ల మొత్తం చెప్పింది. తల ఊగిన సంగతి కూడా దాచలేదు. చెప్పాక, "తాతయ్య మెదడు పాడైపోయిందా మేడమ్?" అని అడిగింది.

డాక్టరమ్మ పక్కన మెట్టు మీద కూర్చుని, ముందు ఒక ఆట ఆడదామంది. పొద్దున లేచాక చేసిన ఒక పనిని, నోరు తెరవకుండా చేతులతోనే చెప్పాలి.

చిటపట లేచి నిలబడింది. పొద్దున ఒక మేజోడు కనపడక ఇల్లంతా వెతికింది. అదే చెబుదామని వంగి, మంచం కిందికి చూస్తున్నట్టు నటించింది.

"తల దువ్వుకున్నావా? సరే" అంది డాక్టరమ్మ.

చిటపట చేతులు అడ్డంగా ఊపి, తన పాదం చూపించింది.

"ఓహో, స్నానం. తెలిసింది, తెలిసింది. తర్వాత బడికి వెళ్లిపోయావు."

"ఇవాళ బడే లేదు" అని చిటపట అరిచేసింది. ఎర్రబడిన ముఖంతో, "నన్ను పూర్తిగా చెప్పనివ్వరేంటి మీరు?" అంది.

ఆ మాట తన చెవినే పడి, టక్కున ఆగిపోయింది. మెట్టు మీద మళ్లీ కూలబడింది.

డాక్టరమ్మ ఆ పిల్ల భుజం చుట్టూ చెయ్యి వేసింది. తన తలకు ఎడమవైపు, కణతకు కొంచెం పైన వేలు పెట్టి చూపించింది. చాలామందికి మాటను తయారుచేసి నోటికి అందించే చోటు అదేననీ, తాతయ్యకు దెబ్బ తగిలింది అక్కడేననీ చెప్పింది.

"మరి ఆలోచనలు ఎక్కడుంటాయి?"

"ఒక్కచోట ఉండవు. కళ్లతో చూసింది తల వెనక్కి చేరుతుంది." ఆవిడ వేలు జడ పైదాకా వెళ్లింది. "చెవులతో విన్నది ఇక్కడికి, చెవుల పక్కకి. చేత్తో తాకింది నడినెత్తి దగ్గరికి. జరిగినవి గుర్తుండేలా చేసే భాగం బాగా లోపల ఉంటుంది, చూడటానికి సముద్రపు గుర్రంలా వంకరగా ఉంటుంది. చేతికి అలవాటైపోయిన పనులకి వెనకాల, మెడకి పైన, చిన్న మెదడని ఇంకోటి సాయం చేస్తుంది. ఇవన్నీ కబుర్లు చెప్పుకుంటేనే ఆలోచన."

"తాతయ్యకి అవన్నీ ఉన్నాయా?"

"బాగున్నాయి. మాస్టారు ఎవరో తెలుసు. ఎడమ చెయ్యి ఎందుకు పొడుగో తెలుసు. చెప్పాల్సింది కూడా తెలుసు. మాట బయటికొచ్చే దారే తెగింది. మెదడే చుట్టూ తిప్పి ఇంకో దారి వేసుకుంటోంది. తాతయ్య తనే దాని మీద నడుస్తుంటేనే ఆ దారి పడుతుంది."

చిటపట గోళ్లవైపు చూసుకుంటూ, "రోజూ నేనే చెప్పేస్తున్నా కదా" అంది. గొంతు వినపడీ వినపడనట్టుంది.

డాక్టరమ్మ వెళ్లిపోయాక ఆ పిల్ల షాపులోకి వెళ్లింది. కోటునూ, కోసేసిన ముక్కనూ, మిగిలిన నల్లబట్టనూ తెచ్చి తాతయ్య ఒళ్లో పెట్టింది. స్టూలు వేసుకుని ఎదురుగా కూర్చుంది.

"తప్పు నాదే తాతయ్యా. ఇప్పుడేం చెయ్యాలో నువ్వు చెప్పు" అంది. అని, ఊరుకుంది.

ఊరుకోవడం ఎంత కష్టమో ఆ పిల్లకు అప్పుడు తెలిసింది. గోడగడియారం టిక్కుటిక్కుమంటోంది. తాతయ్య కోటు వంక చూస్తున్నాడు తప్ప ముట్టుకోవడం లేదు. చిటపట నాలుక చివర బోలెడు మాటలు తోసుకొస్తున్నాయి. రెండు పెదవులూ పళ్లతో బిగించి పట్టుకుంది.

చాలాసేపటికి తాతయ్య వేళ్లు కదిలాయి. కోటు చెయ్యి అంచును బొటనవేలితో తడిమాడు. మిగిలిన బట్టను కోటు చేతికి చుట్టి చూశాడు. సుద్దముక్క అందుకుని, కాస్త వణుకుతూనే, బట్ట మీద గీత గీశాడు. వణికిన చేతికి గీత మాత్రం వంకర పోలేదు. అప్పుడు తలెత్తి మనవరాలి వంక చూశాడు.

"ప..." అన్నాడు.

పక్క, పని, పది, పట్టు. చిటపట తలలో మాటలు గుంపుగా పరుగెత్తుతున్నాయి. ఒక్కదాన్నీ బయటికి రానివ్వలేదు. మిషన్ దగ్గర అమ్మ కూడా చక్రం మీద చెయ్యి పెట్టి ఆపేసింది.

"ప... ప..." ఆయన కళ్లు మూసుకుని, గాలి పీల్చుకుని, మణికట్టు చుట్టూ వేలితో గుండ్రంగా చూపించాడు. "పట్టీ."

"పట్టీనా? చేతి అంచుకా?" అంది అమ్మ లేచి వస్తూ.

ఈసారి అమ్మా, చిటపటా ఆయన తలవైపే చూశారు. తల నిలువుగా ఊగింది. ఆయన కోటుకున్న కుడి చెయ్యి కూడా చూపించాడు. రెండింటికీ పట్టీ వెయ్యాలి, లేకపోతే అతుకని తెలిసిపోతుంది. ఎడమదానికి వెడల్పు కొంచెం ఎక్కువ. ఎంతో సుద్దతో గీసి ఇచ్చాడు.

మధ్యాహ్నానికల్లా కోటు సిద్ధమైంది. మాస్టారు వచ్చి వేసుకుని వయొలిన్ ఎత్తితే కోటు చెయ్యి ఎక్కడ ఉండాలో అక్కడే ఆగింది. పట్టీలు కొత్త ఫ్యాషనా అని ఆయన అడిగారు. అమ్మ తాతయ్య వైపు చూసింది. చిటపట కూడా ఆయన వైపే చూసింది. తాతయ్య తీరిగ్గా, కాస్త గర్వంగా, "అవును" అన్నాడు. ఆ అవును నిజంగా అవునే.

తర్వాత్తర్వాత కూడా తాతయ్య మాట ఒక్కసారిగా బాగైపోలేదు. కత్తెరను కిటికీ అనడం మానలేదు. అలా అన్నప్పుడు తనే నవ్వేవాడు, చిటపటా నవ్వేది.

ఒక సాయంత్రం ఇద్దరూ వరండాలో కూర్చున్నారు. చిటపట లెక్కలు చేసుకుంటోంది. ఉన్నట్టుండి తాతయ్య, "నీ..." అన్నాడు.

నీళ్ల చెంబు పక్క టేబుల్ మీదే ఉంది. అలవాటుకొద్దీ చిటపట సగం లేచింది. మళ్లీ కూర్చుంది. పెన్సిల్ కింద పెట్టేసి ఆయన ముఖంలోకి చూసింది.

వీధిలో ఒక బస్సు వచ్చి, మనుషుల్ని దించి, వెళ్లిపోయింది.

"నీ... జ..." తాతయ్య చెయ్యి గాలిలో ఏదో అల్లుతోంది. "నీ జడ."

చిటపట వెనక్కి తడుముకుంది. రిబ్బన్ ఎక్కడో పడిపోయినట్టుంది. జడ సగం ఊడి, వీపంతా జుట్టే. ఇద్దరూ ఒకేసారి నవ్వారు. ఆ పిల్ల వెళ్లి ఆయన కాళ్ల దగ్గర, అటు తిరిగి కూర్చుంది. తాతయ్య జుట్టును మూడు పాయలు చేసి, ఒక్కో పాయా నింపాదిగా అల్లసాగాడు.

అల్లుతున్నంతసేపూ చిటపట కబుర్లు ఆగలేదు. డ్రాయింగ్ టీచర్ సంగతి, కొత్తగా చేరిన అమ్మాయి సంగతి, ఆ అమ్మాయి డబ్బాలో దొరికిన బతికున్న గొంగళిపురుగు సంగతి. గొంగళిపురుగు డబ్బాలోంచి బెంచీ మీదికి పాకేచోట, వెనకనుంచి తాతయ్య "మ..." అన్నాడు.

చిటపట గొంగళిపురుగును అక్కడే వదిలేసి, మాట ఆపింది. తల కదపకుండా, ఆయన ఏమనబోతున్నాడోనని అలాగే వింటూ కూర్చుంది.