టైరు కింద రాయి

పాల్వంచలో కంపెనీ క్వార్టర్లు దాటి భద్రాచలం రోడ్డు మీద కొంచెం ముందుకు పోతే, ఇళ్ళు అయిపోయి చెట్లు మొదలయ్యే చోట ఒక పెద్ద వాకిలి ఉన్న ఇల్లు కనిపిస్తుంది. ఆ వాకిట్లో పద్నాలుగు నెలలుగా ఒక కారు కవరు కప్పుకుని పడి ఉంది. మామూలు కారు కాదు. ముక్తార్ హైదరాబాద్‌లో ఏరికోరి తెచ్చుకున్న ఎర్ర స్పోర్ట్స్ కారు. లారీ టైర్ల దుకాణం నడిపే మనిషికి అంత జోరు బండి ఎందుకని నలుగురూ నవ్వినా అతను చెవిన పెట్టలేదు. తెల్లవారుజామున అడవి రోడ్డు మీద దాన్ని ఒక్క తోలు తోలుకొస్తే గానీ అతనికి చాయ్ రుచించేది కాదు. దాని మీద ఇంకొకరి చెయ్యి పడనిచ్చేవాడు కాదు. నూనె మార్చడం దగ్గర్నుంచి అన్ని పనులూ ఇంట్లోనే, తన చేతులతోనే చేసుకునేవాడు.

చివరికి ఆ కారు కిందే పోయాడు.

వెనక చక్రాలను తిప్పే పళ్ళచక్రాలు ఒక ఇనప గుండులో ఉంటాయి. మెకానిక్కులు దాన్ని హౌసింగ్ అంటారు. అందులో లీటరు పైచిలుకు గేరాయిల్ పడుతుంది. ఆ రోజు ముక్తార్ కారు వెనక భాగాన్ని జాకీ మీద లేపి పాత నూనె దించేశాడు. కొత్తది పోసేలోగా కారు వెనక్కి జరిగింది, జాకీ ఒరిగింది. జాకీ మోసం చేసిందని చూడవచ్చిన వాళ్ళంతా అన్నారు. దాన్ని అమ్మినవాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టారు.

జాకీ మోసం చేయలేదని తెలిసింది అతని భార్య షరీఫాకు ఒక్కదానికే. ఆ వాకిలి గేటు వైపు వాలుగా ఉంటుంది. హ్యాండ్‌బ్రేకు పట్టేది వెనక చక్రాలను కాబట్టి, అవి గాల్లో ఉన్నప్పుడు బ్రేకు ఉన్నా లేనట్టే. అందుకే ముందు టైర్ల వెనక రాళ్ళు పెట్టమని ముక్తార్ ఆమెకు చెప్పి కిందికి దూరాడు. ఆమె అప్పుడు మధిరలో ఉన్న అక్క సనోబర్‌తో ఫోన్లో ఉంది. కింద నుంచి అతను రాయి పెట్టినవా అని అడిగితే, ఫోను చెవి నుంచి తీయకుండానే పెట్టిన అంది. మాట్లాడటం అయిపోయాక పెడదామనుకుంది. తనకు తాను కూడా ఆమె అంతవరకే చెప్పుకునేది. అక్కడి నుంచి ముందుకు మనసును పోనిచ్చేది కాదు.

భర్త పోయాక చుట్టాలు ఆమెను మధిర పంపేయమన్నారు. అత్త ఒప్పుకోలేదు. ఇది నా కోడలు కాదు, బిడ్డ, ఎక్కడికీ పోదు అని అందరి నోళ్ళూ మూయించింది. ఆ ముసలావిడకు రెండు కళ్ళలోనూ పొరలు కమ్మాయి, మనుషులను గొంతును బట్టే పోల్చుకునేది. షరీఫా తిన్నదని తెలిస్తే గానీ ముద్ద ముట్టేది కాదు. ఆ ప్రేమే షరీఫాను భయపెట్టేది. రాయి సంగతి బయటపడితే ఈ ఇల్లు ఉండదు, ఈ అమ్మ ఉండదు. అంతకన్నా చావే నయమనుకునేది.

ఇంతలో మరిది ఖాలిద్ పెళ్ళి కుదిరింది. పిల్లది తల్లాడ. పెళ్ళి ఊరేగింపు బరాత్‌కు అన్న కారులోనే పోతానని అతను పట్టుబట్టాడు. హౌసింగ్‌లో చుక్క నూనె లేకుండా కారు కదిలితే లోపలి పళ్ళు అరిగి ఊడిపోతాయి. కాబట్టి అన్న సగంలో వదిలిన పని తాను పూర్తి చేయాలన్నాడు. థర్మల్ కరెంటు కేంద్రంలో ఫిట్టర్ అతను, బొగ్గు బెల్టుల గేరుబాక్సులకు నూనె పోయడం రోజూ చేసే పనే. కారును అమ్మేద్దామని షరీఫా రెండు మూడుసార్లు నసిగింది. అత్త మాత్రం కొడుకు చేతిలో కొడుకు కారు కదిలితే నా కడుపు చల్లబడుతుంది బేటీ అంది. ఇక షరీఫా నోరెత్తలేదు.

జూలైలో ఒక ఆదివారం సాయంత్రం నాలుగున్నరకు పని మొదలుపెట్టారు. ముసురు పట్టి రెండు రోజులైంది. అప్పుడే కాస్త తెరిపిచ్చినా మబ్బు చెట్ల నెత్తిన కూర్చున్నట్టే ఉంది. కరెంటు లేదు. అత్త లోపల నమాజు చేసుకుంటోంది. ఖాలిద్ ఈసారి జాకీని నమ్మకుండా వెనక భాగాన్ని రెండు ఇనప స్టాండ్ల మీద నిలబెట్టాడు. రాళ్ళు మాత్రం షరీఫానే తెచ్చింది. నాలుగు బండరాళ్ళు, ఒక్కో ముందు టైరుకు రెండేసి. కాలితో తన్ని చూసింది. మళ్ళీ వంగి చేత్తో నొక్కి చూసింది. ఖాలిద్ నవ్వి, కారును కాదు కొండను ఆపుతున్నావని ఆటపట్టించాడు. నువ్వు అక్కడే ఉండి రాళ్ళు చూస్తుండు భాభీ అని చెప్పి, వెనక వైపు నుంచి టార్చి పట్టుకుని కిందికి జరిగాడు.

షరీఫా కుడి టైరు పక్కన నిలబడి రాయి మీద పాదం ఆనించింది. నూనె పోసే పై నట్టు విప్పిన చప్పుడు వినిపించింది. నూనె దించే కింది నట్టు తుడిచి బిగిస్తున్నానని ఖాలిద్ అరిచి చెప్పాడు. తర్వాత చేతి పంపు చప్పుడు మొదలైంది. బుస్... బుస్... గేరాయిల్ వాసన నేల మీదుగా పాకి వచ్చింది. కుళ్ళిన గుడ్డులాంటి గంధకపు వాసన అది. ముక్తార్ చొక్కాల్లోంచి ఎన్ని ఉతుకులు ఉతికినా పోయేది కాదు. ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

హౌసింగ్ నిండిందో లేదో తెలుసుకోవడానికి కొలత ఉండదు. పోసిన రంధ్రంలోంచే నూనె తిరిగి కారితే నిండినట్టు. కారగానే చెబుతానన్నాడు ఖాలిద్. ఆమె ఆ మాట కోసమే ఎదురుచూస్తోంది.

అప్పుడు వినిపించింది ఆ చప్పుడు. తప్... తప్...

సిమెంటు నేల మీద అరచేత్తో కొట్టిన చప్పుడు. ఖాలిద్ ఉన్న వైపు నుంచి కాదు. ఇంజను కింద నుంచి. ఆమె పాదానికి జానెడు దూరం నుంచి.

ఆ చప్పుడు ఆమెకు తెలుసు. ఎక్కడ విన్నదో గుర్తు తెచ్చుకోవడం మాత్రం ఇష్టం లేదు. బంపరు నుంచి నీళ్ళు కారుతున్నాయేమో అనుకుంది. వంగి చూద్దామంటే మెడ తిరగలేదు. కారు కింద పగలు కూడా చీకటే. ఆ చీకట్లోంచి పాదాల మీదికి చల్లగా గాలి తగులుతోంది.

తప్... తప్...

"రాయి... పెట్టినవా?"

గుసగుస. చాలా కిందనుంచి, నేలకు పెదవులు ఆనించి అడిగినట్టుంది. జవాబు చెప్పకపోతే ఆ గొంతు మళ్ళీ అడుగుతుందేమోనని షరీఫాకు భయం వేసింది.

"పెట్టిన," అంది పెదవులు కదిలీ కదలకుండా. "ఈసారి పెట్టిన."

ఈసారి. ఆ ఒక్క మాట నోరు జారింది. బయటికి వచ్చాక గానీ అదెంత పెద్ద మాటో ఆమెకు తెలియలేదు. నేల మీద చప్పుడు ఆగిపోయింది.

అవతల పంపు చప్పుడు కూడా ఆగింది.

కాసేపు వాన నీళ్ళు ఆకుల మీంచి రాలుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. తర్వాత ఖాలిద్ గొంతు, మెల్లగా. "అవ్..." అన్నాడు. కొంచెం ఆగి, "అప్పుడు ఫోన్లనా?" అన్నాడు. మళ్ళీ చాలాసేపు ఆగి, "అట్లనా..." అన్నాడు.

ఫోను మాట్లాడుతున్నాడేమో అనుకుందామంటే, అతని ఫోను అరుగు మీద, విప్పి పెట్టిన చేతి గడియారం పక్కనే ఉంది. పరుగెత్తి అవతలికి పోదామనుకుంది. కానీ రాయి మీంచి కాలు తీస్తే... కారు జరిగితే... కింద ఖాలిద్ ఉన్నాడు. తీయకపోతే అక్కడ ఏం జరుగుతోందో తెలియదు. రెండు చేతులతో బానెట్టును నొక్కిపట్టి అక్కడే నిలబడిపోయింది. పిలిస్తే కారు కింద ఉన్నదే పలుకుతుందేమోనని ఖాలిద్‌ను పిలవలేదు.

"నిండింది," అన్నాడు అతను చివరికి. "కారుతున్నది."

పై నట్టు బిగించి బయటికొచ్చాడు. చేతులకు నూనె, మోచేతుల దాకా. ఆమె మొహం చూడలేదు. దగ్గరికొచ్చి, ఆమె పాదం కింద ఉన్న రాయి వైపు చూశాడు.

"నువ్వు పక్కకు జరుగు భాభీ. స్టాండ్లు, రాళ్ళు తర్వాత నేనే తీస్త."

"ఎవరితోటి మాట్లాడినవ్?"

"ఎవరితోటి ఏంది? నీతోటే గదా. అటు పక్క నుంచి వంగి చెప్పినవ్. సనోబర్ అక్కతోటి ఫోన్ల ఉండి రాయి పెట్టలేదని." అతని గొంతులో కోపం లేదు, అదే ఆమెకు ఎక్కువ భయం పుట్టించింది. "మరిచిపోయినవ్ అనుకుంట. ఎవలమైనా మరిచిపోతం. గని ఆ రెండో సంగతి..."

"ఏం సంగతి? నేనేం చెప్పలే ఖాలిద్. నేను ఇక్కడి నుంచి కదల్లే."

అతను అప్పుడు చూశాడు ఆమె వైపు. అంతకుముందెప్పుడూ చూడనట్టు చూశాడు. తర్వాత చేతులు కడుక్కోవడానికి ఇంటి వెనకాలకు వెళ్ళిపోయాడు.

కారుకు ఎంత దూరం పోగలిగితే అంత దూరం పోవాలనిపించింది షరీఫాకు. గోడ పట్టుకుని గేటు దాకా పోయి అక్కడే కూలబడింది. మధిర పోయే బస్సు ఎన్నింటికి ఉంటుందో గుర్తు తెచ్చుకోబోయింది. ఏమీ గుర్తు రాలేదు.

తలుపు చప్పుడైంది. అత్త బయటికొచ్చింది. నమాజు దుపట్టా తల మీద అలాగే ఉంది. ఒక చెయ్యి ముందుకు చాచి, మెట్లు తడుముకుంటూ దిగి, తిన్నగా కారు దగ్గరికి నడిచింది.

"పిలిచినవా బేటీ?"

అమ్మీ, నేను ఇక్కడున్న అని షరీఫా అరవబోయింది. అంతలో కారు కింద నుంచి జవాబొచ్చింది. ఆమె గొంతే. ఆమె యాసే. ఏడ్చి ఏడ్చి అలిసిపోయినప్పుడు ఎట్లా ఉంటుందో అట్లాగే ఉంది.

"అవ్ అమ్మీ."

అత్త బానెట్టు పట్టుకుని మెల్లగా చతికిలబడింది. తల వంచి చెవి కిందికి పెట్టింది. షరీఫాకు లేవడం చేతకాలేదు. తన గొంతు తన కళ్ళ ముందు మాట్లాడుతుంటే వింటూ ఉండిపోయింది.

"జాకీ ఒరగంగనే సాయానికి రమ్మని ఒర్లలేదమ్మీ. ముందు రాళ్ళు తెచ్చి టైర్ల కాడ పెట్టిన. నాలుగు దిక్కులా చూసి, గప్పుడు ఒర్లిన." గొంతు ఒక్క క్షణం ఆగింది. "ఆయన అప్పటికింకా చేత్తోటి నేల కొడుతున్నడు."

అత్త ఏడవలేదు. తిట్టలేదు. ఇంకా కిందికి వంగింది.

"తర్వాత?" అంది.

గొంతు బాగా తగ్గిపోయింది. తర్వాత చెప్పినవేవీ షరీఫాకు వినిపించలేదు. ముసలావిడ మాత్రం చాలాసేపు విన్నది. మధ్యలో రెండుసార్లు తలూపింది. ఒకసారి ఖాలిద్ వెళ్ళిన వైపు తల తిప్పింది. ఇంటి వెనక నీళ్ళ చప్పుడు ఎప్పుడో ఆగిపోయింది, అతను మాత్రం ఇంకా రాలేదు.

"సరే బేటీ," అంది అత్త, బానెట్టు పట్టుకుని లేచి, షరీఫా కూలబడి ఉన్న గేటు వైపు తిరుగుతూ. "నువ్వు ఉండు. గేటు నేనేసొస్త."