ఒక్కటే ఉన్న బొంత

"ఈ వెబ్‌సైట్ ఎవరు చేశారండీ?"

అమెరికాలో, మోరిస్‌విల్‌లో ఆగస్టు పదిహేను మేళా. పాత చీరలతో కుట్టిన బొంతల స్టాల్ ముందు నిలబడి, ఫోన్‌లో ఆ షాప్ పేజీ చూస్తూ అడిగాడు శశికాంత్.

"నేనే. ఎందుకు?" అంది బల్ల వెనకున్న అమ్మాయి.

"మూడు పాపప్‌లు మూశాను. ఇంకా ఒక్క బొంత కూడా కనబడలేదు. దీనికన్నా టాక్స్ ఫారమ్ నయం."

నిజమే చెప్పాడు గానీ, చెప్పిన చోటు బాగాలేదు. పక్క స్టాల్‌లో ఆవకాయ కొంటున్న ఆంటీలిద్దరు ఇటు తిరిగారు. అమ్మాయి ముక్కు ఎర్రబడింది.

"మాటలు ఈజీ. నువ్వు చేసి చూపించు."

"చూపిస్తాను. ఆఫీస్‌లో నా పని అదే. కాకపోతే వర్క్ వీసా మీద ఉన్నాను, బయట పనికి ఫీజు తీసుకోకూడదు."

"మా అమ్మ పులిహోర పెడుతుంది. దానికి వీసా అక్కర్లేదు. ఇంకోటి, నన్ను 'అండీ' అనకు. నేను అంత ఓల్డ్ కాదు."

ఆ అమ్మాయి పేరు అనిక. పుట్టింది, పెరిగింది ఇక్కడే. ల్యాబ్ ఉద్యోగం మానేసి, తల్లి పద్మజ దగ్గర నేర్చుకున్న బొంతకుట్టుతో ఈ షాప్ పెట్టింది. దీపావళిలోగా షాప్ నిలదొక్కుకోకపోతే బోస్టన్‌లో వచ్చిన ఉద్యోగంలో చేరతానని తల్లికి మాటిచ్చింది. మాట ఇచ్చింది గానీ, ఓడిపోయే ఉద్దేశం ఆమెకి ఏ కోశానా లేదు.

ఇక ప్రతి ఆదివారం పద్మజ డైనింగ్ టేబుల్ మీద యుద్ధమే.

"ఫొటోల్లో బొంత వెనక తెల్లగా ఉంచుదాం. నీట్‌గా ఉంటుంది," అనేవాడు శశికాంత్.

"నో. సోఫా మీద ఉండాలి. ఎవరో ఇప్పుడే లేచి వెళ్లినట్టు."

"కుట్లు వంకరగా కనిపిస్తున్నాయి. ఫొటోలో సరిచేస్తా."

"టచ్ చేశావంటే చూడు! అది నా చెయ్యి. మెషిన్ కాదని వాళ్లకి ఇంకెలా తెలుస్తుంది?"

శశికాంత్ చేతులెత్తేశాడు. ఆ వంకర కుట్లనే పేజీలో అన్నిటికన్నా పైన, పెద్దగా పెట్టాడు. చూస్తే అదే బాగుంది. ఆ సంగతి ఆమెతో చెప్పడానికి మాత్రం వారం పట్టింది.

ఒక ఆదివారం బయట వాన. కిటికీ పక్కన బొంత కప్పుకుని అనిక కూర్చుంటే ఇతను ఫొటోలు తీస్తున్నాడు.

"ఫోకస్ బొంత మీద పెట్టు," అంది.

"అక్కడే ఉంది," అన్నాడు. పచ్చి అబద్ధం.

దీపావళి నెల రోజులుందనగా కొత్త వెబ్‌సైట్ తెరిచారు. మర్నాడు సాయంత్రమే అనిక ఫోన్.

"శశీ! గ్రీన్ బొంతకి ఆర్డర్ వచ్చింది. ఫోర్ కావాలట. ఫోర్! నా దగ్గర ఉన్నది ఒకటే కదా!"

శశికాంత్ పేజీ తెరిచి చూసి తల పట్టుకున్నాడు. ప్రతి బొంత పక్కనా ఎన్ని కావాలో ఎంచుకునే క్వాంటిటీ బాక్స్, ఒకటి నుంచి పది దాకా. ఐదేళ్లుగా ఆఫీస్‌లో చెప్పుల షాప్‌కి పేజీలు చేసిన చెయ్యి, ఆలోచించకుండా ఇక్కడా పెట్టేసింది. పైగా నాలుగు అని కొట్టి టెస్ట్ కూడా చేశాడు. పనిచేసిందని మురిసిపోయాడు.

వెంటనే కార్ వేసుకుని వాళ్లింటికొచ్చాడు. "తప్పు నాది. రిఫండ్ ఇచ్చి సారీ మెయిల్ పంపేస్తా."

"నో. ఇది నా షాప్. నేను మాట్లాడతా."

స్పీకర్ పెట్టి ఫోన్ చేసింది. ప్లెయిన్స్‌బరోలో ఉండే సుమతి అనే ఆవిడ ఎత్తింది.

"నమస్తే ఆంటీ. నేను బొంతల షాప్ అనిక. సారీ, అది ఒకటే ఉంది. ఫోర్ ఇవ్వలేను. మా మిస్టేక్."

"అయ్యో! మేము నలుగురం అక్కచెల్లెళ్లం తల్లీ. అందరికీ ఒకేలా ఉండాలి, లేకపోతే మళ్లీ గొడవే. మా అమ్మ పచ్చచీర ఒకటుంది. ఆవిడ పోయినప్పట్నుంచీ అది నాదంటే నాదని ఆరేళ్లుగా కొట్టుకుంటున్నాం. నా సూట్‌కేస్‌లోనే పడుంది. ఎవరం కట్టుకున్నది లేదు. ఆ రంగు కనిపించిందనే నీ బొంత చూసి ఆగాను."

అనిక ఫోన్‌ని దగ్గరికి లాక్కుంది.

"ఆంటీ, ఆ చీర నాకు పంపండి. లోపల కాటన్ వేసి దాంతోనే ఫోర్ కుడతాను. చిన్నవి. కానీ అంచు అన్నిటికీ వస్తుంది."

అవతల ముక్కు చీదిన చప్పుడు.

"చెల్లెళ్లని అడిగి చెప్తా... వద్దులే, అడిగితే తేలదు. రేపే పంపుతున్నా."

ఫోన్ పెట్టేసి అనిక ఇతని వైపు తిరిగింది. "పేజీ మొత్తం మార్చాలి. మనం బొంతలు అమ్మొద్దు. ఎవరి చీర వాళ్లకే బొంత చేసి ఇద్దాం."

"దీపావళి దగ్గరకొచ్చేసింది అనికా."

"సో వాట్?"

రెండు శనివారాల్లో షాప్ మారిపోయింది. పైన 'మీ చీర పంపండి' అన్న ఒక్క మాట, కింద రెండే ప్రశ్నలు: ఈ బట్ట ఎవరిది? బొంత ఎవరికి? క్వాంటిటీ బాక్స్‌ని శశికాంత్ తన చేత్తోనే పీకేశాడు. అనిక వేళ్లకి ప్లాస్టర్లు చుట్టుకుని నాలుగు బొంతలూ కుట్టి పంపింది. నలుగురు అక్కచెల్లెళ్లు ఒకే సోఫాలో ఇరుక్కుని, ఒళ్లో బొంతలతో దిగిన ఫొటో షాప్ పేజీకి ఎక్కింది. ఆ ఫొటో చూసి చాలా ఇళ్లల్లో పాత చీరల సూట్‌కేసులు తెరుచుకున్నాయి. దీపావళి నాటికి ఉగాది దాకా సరిపడా పని చేతిలో ఉంది.

పండగ రోజు మధ్యాహ్నం, బోస్టన్ వాళ్లకి రానని మెయిల్ కొట్టి అనిక తల ఎత్తింది. ఎదురుగా శశికాంత్ ఫోన్‌లో ఏదో నొక్కి, బల్ల మీద పెట్టేసి, కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. అదే నిమిషంలో ఆమె ఫోన్ మోగింది. కొత్త ఆర్డర్. పేరు: శశికాంత్.

"మళ్లీ టెస్టింగా?"

"చదువు."

ఈ బట్ట ఎవరిది? 'నాది. మేళాలో నీతో పోట్లాడిన రోజు వేసుకున్న చొక్కా.'

బొంత ఎవరికి? 'మనిద్దరికీ. నీకు ఇష్టమైతే.'

అనిక రెండుసార్లు చదివింది. ముక్కు ఎర్రబడింది. ఈసారి కోపంతో కాదు.

"ఇలాంటి ఆర్డర్‌లు ఎంతమందికి పెట్టావ్?"

"క్వాంటిటీ బాక్స్ తీసేశాను కదా."

"ఒక చొక్కాతో బొంత రాదు. బట్ట చాలదు."

అతని మొహం వాడిపోయింది. ఆమె లేచి లోపలికి వెళ్లింది. మేళా రోజు వేసుకున్న పసుపు దుపట్టా తెచ్చి అతని ముందు పెట్టింది.

"ఇది కూడా కలిపితే చాలుతుంది," అంది.

వంటింట్లోంచి పద్మజ గొంతు వినిపించింది. "బొబ్బట్లు చల్లారిపోతున్నాయి, రండి ఇద్దరూ. అబ్బాయ్, తినేముందు మీ అమ్మగారి నంబరు ఇటు ఇవ్వు."