ఆవగింజలో సగం

"తుమ్మకండి!" అంది జెరూషా.

ఆషర్ తుమ్మేశాడు.

ఆమె ఉలిక్కిపడింది. ట్వీజర్ కొసన ఉన్న కెపాసిటర్ టప్పున ఎగిరి మాయమైంది. ఆవగింజలో సగం కూడా ఉండదది.

"సారీ అండీ. ఆ సోల్డర్ పొగకి..."

"మీ కీబోర్డుకి సరిపోయే పాత బోర్డు మా షాపులో ఇదొక్కటే. రెండు చివర్లూ ఒకేసారి కరగాలని, అటూ ఇటూ వేడి చేస్తూ, ఆ ముక్కని పగలకుండా దీన్నుంచి తీశాను. మీరేమో ఒక్క తుమ్ముతో!"

రెజిమెంటల్ బజార్‌లో ఆమె నాన్న జ్ఞానశేఖర్ గారి రిపేరు షాపది. చూపు మందగించాక ఆయన ముందు కౌంటర్లో కూర్చుంటున్నారు. సన్నపనంతా డిప్లొమా చదివిన కూతురిదే.

ఐదింటికి మారేడ్‌పల్లి చర్చిలో పెళ్ళి. వాయించాల్సింది ఆషర్. టైమేమో మూడున్నర.

"పెళ్ళికూతురు మ్యూజిక్ లేకుండా నడిచొస్తే నా పరువు పోతుందండీ. జెర వెతుకుదాం."

ఇద్దరూ నేలమీద మోకాళ్ళేశారు. టేబుల్ కింద తలలు ఢీకొన్నాయి. అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు. అతని మొహాన్నే చూస్తోంది.

"కదలకండి. మీ మీసంలో ఉంది."

ట్వీజర్ దగ్గరికొచ్చి, అక్కడే ఆగింది.

"మాట్లాడితే జారిపోతుంది. అవునంటే కళ్ళు మూయండి, చాలు. పోయిన నెల రెండుసార్లు స్పీకర్ వైరు మీరే పీకి తెచ్చారు కదూ?"

పాపం, పెదవి కదపడానికి లేదు. కళ్ళు మూశాడు.

"వచ్చింది రిపేరుకేనా?"

కళ్ళు ఇంతేసి చేశాడు.

"మరి... నాకోసమా?"

రెప్పలు గట్టిగా మూసుకున్నాయి. ఆమె ట్వీజర్‌తో ముక్కను మెల్లగా పట్టి తీసింది.

"ఏమ్మా, దొరికిందా?" కౌంటర్ నుంచి నాన్న గొంతు.

"దొరికాడు నాన్నా!" నాలిక్కరుచుకుంది. "అదే... దొరికింది!"

ముందుగదిలో దగ్గు వినిపించింది.

జెరూషా తల ఎత్తకుండా ముక్కను మీటర్‌తో చూసి, కీబోర్డు బోర్డు మీద అతికించింది. స్విచ్ వేసింది. ఆషర్ భయంభయంగా ఒక మెట్టు నొక్కాడు. స్వరం ఖంగున పలికింది. రెండోదీ, మూడోదీ! హమ్మయ్య అని గోడకి చేరగిలబడ్డాడు. ఆమె మొహంలో ఇప్పుడొచ్చింది నవ్వు.

జ్ఞానశేఖర్ గారు గుమ్మంలోకి వచ్చి కళ్ళజోడు సవరించుకున్నారు.

"త్వరగా బయల్దేరు బాబూ, పెళ్ళికి టైమవుతోంది. రేపు చర్చిలో ఆరాధన అయ్యాక మీ అమ్మగారిని మా ఇంటికి తీసుకురా."

"సరే అంకుల్!"

"కీబోర్డు మాత్రం మీ ఇంట్లో పెట్టి రా."