తాళం వెయ్యని వైర్‌లెస్

శవం హాల్లో, కంప్యూటర్ బల్ల కింద, బోర్లా పడి ఉంది.

2009 ఆగస్టు. ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలు. బాన్సువాడ ఎస్.ఐ. ఏడుకొండలు గడప దగ్గరే నిలబడి గదంతా ఒకసారి కలియజూశాడు. తలుపుకు లోపలినుంచి గడియ వేసి ఉంటే కానిస్టేబుల్ లాల్‌సింగ్ భుజంతో గుద్ది ఊడగొట్టాడు. కిటికీలకు గ్రిల్స్. గేటుకు లోపలినుంచి తాళం.

చనిపోయిన మనిషి హరనాథబాబు. యాభై రెండేళ్ళు. రుద్రూర్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో టెక్నికల్ అసిస్టెంట్. వర్ని దగ్గర కాలువ కింద పొలాలు కొనుక్కుని స్థిరపడిన కోస్తా కుటుంబంలో పుట్టినవాడు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగేంత చనువు కాలనీలో ఎవరికీ లేదు.

నుదుటి మీద చిన్న బొప్పి తప్ప ఒంటి మీద దెబ్బ లేదు. కుడి చెయ్యి ఒంటి కింద ఉండిపోయింది. ఎడమ చెయ్యి ముందుకు చాచి ఉంది. నేల మీద ఎక్స్‌టెన్షన్ బాక్స్. దాని స్విచ్ మీద చూపుడు వేలు. స్విచ్ ఆన్‌లోనే ఉంది.

బల్ల మీద కంప్యూటర్ ఆపి ఉంది. పక్కన ఇంటర్నెట్ మోడెమ్ మాత్రం, కింద ఆ బాక్సులోంచే కరెంటు తీసుకుంటూ, పచ్చలైట్లు వెలిగించుకుని తన పని తాను చేసుకుంటోంది.

"షాక్ కొట్టినట్టుంది సార్" అన్నాడు లాల్‌సింగ్.

ఏడుకొండలు వంగి చూశాడు. వేలు కమిలిన జాడ లేదు. లాండ్‌లైన్ ఫోన్ బల్ల మీద ఎత్తున ఉంది. సెల్‌ఫోన్ పడకగదిలో ఉంది. వంటింట్లో ఒక కంచం, ఒక గ్లాసు. హాల్లో ఒకటే కుర్చీ. పంచనామా రాయడానికి పక్కింటినుంచి ఇంకో కుర్చీ అడిగి తెచ్చుకోవలసి వచ్చింది. ఏడుకొండలు ఆ ఒంటి కుర్చీ వంక కాసేపు చూశాడు. భార్య ఉద్యోగం బాపట్లలో కావడంతో అతను కూడా పోలీస్ క్వార్టర్‌లో ఒక్కడే వండుకుని తింటున్నాడు. అలాంటి ఇల్లు ఎలా ఉంటుందో అతనికి ఒకరు చెప్పనక్కరలేదు.

ఇంతవరకు ఇది మామూలు కేసే. సాయంత్రానికి కాగితాలు పూర్తయి ఉండేవి. కాకపోవడానికి కారణం ఒక మెయిల్.

ఆ ఉదయం ఏడున్నరకు నిజామాబాద్‌లోని జిల్లా పోలీస్ ఆఫీసుకు ఆ మెయిల్ వచ్చింది. పంపినవాళ్ళ పేరు లేదు. ఆకాశరామన్న కూడా కాలంతోపాటు మారాడు, పోస్టాఫీసుకు వెళ్ళడం మానేశాడు. బాన్సువాడలో ఫలానా కాలనీలో నీలం గేటు ఇంట్లో ఒక మనిషి ఒంటరిగా ఉంటాడని, అతను చనిపోయి ఉంటాడని, వెంటనే వెళ్ళి చూడమని అందులో ఉంది.

గడియ వేసిన ఇంట్లో మనిషి చనిపోయాడని బయటివాళ్ళకు ఎలా తెలిసింది?

మంగళవారం రెండు రిపోర్టులు వచ్చాయి. మొదటిది డాక్టరుది. మెదడులో రక్తనాళం చిట్లింది. కుడి పక్క పడిపోయింది, మాట పడిపోయింది. ప్రాణం పోయింది శనివారం సాయంత్రం. పడిపోయింది ఎప్పుడో కచ్చితంగా చెప్పలేం, చాలా గంటల ముందే కావచ్చు. నుదుటి బొప్పి పడితే కట్టిందా, ఎవరైనా కొడితే కట్టిందా అన్నది కూడా చెప్పలేనన్నాడు డాక్టరు.

రెండోది టెలిఫోన్ ఎక్స్‌ఛేంజ్‌ది. ప్రతి నెట్ కనెక్షన్‌కూ ఒక ఐ.పి. నంబర్ ఉంటుంది. ఆ మెయిల్ ఏ నంబర్ నుంచి వెళ్ళిందో వాళ్ళు చూసి చెప్పారు.

అది హరనాథబాబు సొంత కనెక్షన్.

శనివారం సాయంత్రం చనిపోయిన మనిషి ఇంట్లోంచి, ఆదివారం పొద్దున, అతను చనిపోయాడని మెయిల్ వెళ్ళింది. లాల్‌సింగ్ మెడలో తాయెత్తు తడుముకున్నాడు.

చనిపోయినాయన బాబాయి కొడుకు సాయిబాబు వర్ని నుంచి వచ్చి స్టేషన్‌లో కూర్చున్నాడు. ఇది హత్యే అన్నాడు. హంతకుడు అన్నయ్య కంప్యూటర్ ముందే కూర్చుని పోలీసులను ఎగతాళి చేస్తూ మెయిల్ కొట్టాడన్నాడు. బతికుండగా రెండేళ్ళపాటు ఆ గడప తొక్కని ప్రేమ ఇప్పుడు కట్టలు తెంచుకుంది. నిజామాబాద్ వరకు ఫోన్లు చేయించాడు. సాయంత్రం సి.ఐ. లైన్లోకి వచ్చాడు. మెయిల్ పంపినవాళ్ళే ఒకటో నంబర్ ముద్దాయి, రేపటికల్లా లోపల వెయ్యమన్నాడు.

ఏడుకొండలు ఫోన్ పెట్టేసి ఆలోచనలో పడ్డాడు. హంతకుడు లోపలుంటే, గడియ వేసిన ఇంట్లోంచి బయటికి ఎలా వచ్చాడు? బయటే ఉంటే, లోపలి కనెక్షన్ ఎలా వాడాడు?

అప్పుడు గుర్తొచ్చింది, కిందటేడు వచ్చిన సర్క్యులర్. దేశంలో ఎక్కడెక్కడో దుర్మార్గులు పరాయి ఇళ్ళ వైర్‌లెస్‌లో దూరి బెదిరింపు మెయిళ్ళు పంపుతున్నారట. ఇళ్ళలో వైర్‌లెస్ నెట్ ఉన్నవాళ్ళందరిచేత పాస్‌వర్డ్ పెట్టించమని అన్ని స్టేషన్లకూ పంపారు. బాన్సువాడలో ఎవరికుంటుందిలే అని అతనే ఫైల్లో పెట్టేశాడు.

లైన్‌మన్ సమ్మన్నను పిలిపించాడు. ఆ ఇంట్లో మోడెమ్ బిగించింది అతనే. దానికి వైర్‌లెస్ ఉందా అంటే ఉందన్నాడు. పాస్‌వర్డ్ ఉందా అంటే తల గోక్కున్నాడు.

"నేనే చెప్పిన సార్. మీ కంప్యూటర్‌కు వైరు ఉండె, మరి గీ వైర్‌లెస్ లైటు ఎందుకు కొట్టుకుంటుంది, ఎవరో మీ నెట్ వాడుతుండ్రు, పాస్‌వర్డ్ పెడ్త అని. వద్దన్నడు."

"ఎందుకు?"

"చలివేంద్రానికి తాళం వేస్తామా సమ్మన్నా అన్నడు. నవ్విండు గూడ. గా సార్ నవ్వంగ నేను చూసింది గా ఒక్కపారే."

ఏడుకొండలుకు ఇది మింగుడు పడలేదు. గేటుకు తాళం, గ్రిల్‌కు తాళం, మోటారు డబ్బాకు తాళం, ఆఖరికి నీళ్ళ ట్యాంకు మూతకు కూడా తాళం వేసుకున్న మనిషి. ఇంట్లో తాళం లేనిది ఆ నెట్ ఒక్కటే. అది మరిచిపోయి కాదు, కావాలని.

బుధవారం పొద్దున ఏడుకొండలు బ్యాంకు మేనేజరును బతిమాలి లాప్‌టాప్ తెచ్చాడు. తెరిచి రెండు చేతుల్లో పట్టుకుని నీలం గేటు దగ్గరనుంచి సందులో నడిచాడు. సిగ్నల్ గీతలు నాలుగు, మూడు, రెండు. యూనిఫాంలో ఉన్న మనిషి పెట్టె మోసుకుంటూ ముందుకూ వెనక్కూ నడుస్తుంటే, సీసీ రోడ్డు కొలతలా సార్ అని ఒకావిడ ఆశగా అడిగింది. ముందువైపు రోడ్డు దాటేసరికి సిగ్నల్ చచ్చిపోయింది. కుడిపక్క ఖాళీ ప్లాటు. ఎడమపక్క ఇంటికి నెల రోజులుగా తాళం. వెనక సందులో మాత్రం నాలుగు గీతలూ నిలబడ్డాయి.

అక్కడ ఉన్నది ఒకటే ఇల్లు. బీడీలు చుట్టే గంగమణిది. అరుగు మీద చేట ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. కంప్యూటర్ ఉందా అంటే వింతగా చూసింది. తనకెక్కడిదంది. పైగదిలో కిరాయికుండే పిల్ల దగ్గర మడతపెట్టేది ఒకటి ఉందంది.

పైగది కిటికీ హరనాథబాబు హాలు వైపే తెరుచుకుంటుంది. మధ్యలో ఒక ప్రహరీ గోడ. అంతే.

ఆ పిల్ల పేరు ప్రవళిక. బిచ్కుంద దగ్గరి పల్లె. ఇరవై నాలుగేళ్ళు. ఇక్కడ ఒక ఆఫీసులో కాంట్రాక్టు మీద కంప్యూటర్ ఆపరేటర్. భర్త నగేశ్ పెళ్ళయిన మూడో నెలలోనే మస్కట్ వెళ్ళాడు. ఎస్.ఐ.ని చూడగానే ఆమె లేచి నిలబడి గోడ పట్టుకుంది.

"ఒకసారి వెనకింటికి రామ్మా. గంగమణీ, నువ్వు కూడా రా" అన్నాడు ఏడుకొండలు.

హాల్లో అప్పటికే సాయిబాబు, సమ్మన్న ఉన్నారు. ఒంటి కుర్చీలో సాయిబాబు కూర్చున్నాడు. మిగతావాళ్ళు నిలబడ్డారు.

"మెయిల్ నువ్వే పంపావా?"

"నేనే పంపిన సార్."

సాయిబాబు కుర్చీలోంచి లేచాడు. ఏడుకొండలు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఈ ఇంట్లోకి ఎప్పుడైనా వచ్చావా?"

"ఇదే మొదలు సార్."

"ఆయనతో మాట్లాడావా?"

"ఎట్ల మాట్లాడ్త సార్? దొంగతనంగ నెట్ వాడుకుంటున్న గదా. లాప్‌టాప్ తెరిస్తే సిగ్నల్ కనవడ్డది, పాస్‌వర్డ్ అడగలే. ఏడాది సంది వాడుతున్న. ఎదురైతే తల వంచుకొని పోయేదాన్ని."

"మరి చనిపోయాడని నీకెలా తెలిసింది?"

ఇదే అసలు ప్రశ్న. దీనికి సరైన జవాబు రాకపోతే ఆ పిల్ల ఈ రాత్రి లాకప్‌లో ఉంటుంది. ఆ సంగతి ఆమెకూ తెలుసు. పెదవులు తడుపుకుంది.

"నెట్ పోలేదు సార్."

"అంటే?"

"రోజు రాత్రి పదింటికి సిగ్నల్ పోతది. ఆ సార్ పండుకునేముందు స్విచ్ బంద్ చేస్తడు. పొద్దుగాల మళ్ళ వస్తది. ఏడాదిల ఒక్కనాడు తప్పలే. మొన్న శుక్రవారం పోలే. మర్చిపోయిండు అనుకున్న. సంబురపడ్డ గూడ, మా ఆయనతోని ఎక్కువసేపు మాట్లాడొచ్చని. శనివారం రాత్రి గూడ పోలే. అప్పుడు భయమైంది. తెల్లారినంక గేటు కాడికి పోయి పిలిచిన. ఎవ్వరు పలకలే."

పోలీసులకు ఫోన్ చెయ్యకుండా మెయిల్ ఎందుకు పంపావని అడిగాడు. ఫోన్ చేస్తే నంబర్ తెలిసిపోతుందని, మెయిల్ అయితే తెలియదనుకున్నానని చెప్పింది. కంప్యూటర్ ఆపరేటర్ అయివుండి ఆ మాత్రం తెలియలేదా అని లాల్‌సింగ్ గొణిగాడు. భయంలో ఉన్నవాళ్ళకు తెలిసినవి కూడా తెలియవు.

ఏడుకొండలు సాయిబాబు వైపు తిరిగాడు.

విప్పి చెప్పాడు. ఎవరూ లోపలికి రాలేదు. ఎవరూ కొట్టలేదు. శుక్రవారం రాత్రి పది కావస్తుండగా హరనాథబాబు కంప్యూటర్ ఆపాడు. అలవాటు ప్రకారం మోడెమ్ స్విచ్ తియ్యడానికి వంగాడు. ఆ వంగడంలోనే నరం చిట్లి పడిపోయాడు. నుదురు నేలకు కొట్టుకుంది. స్విచ్ మీద వేలు అందుకే ఉంది. ఇది హత్య కాదు, సహజ మరణం. సాయిబాబు నెమ్మదిగా మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు.

"నీ మీద కేసేమీ లేదమ్మా. వెళ్ళు" అన్నాడు ఏడుకొండలు.

ప్రవళిక కదల్లేదు.

"సార్, ఆయన శుక్రవారం రాత్రే పోయిండా?"

ఏడుకొండలుకు డాక్టరు రిపోర్టు గుర్తుంది. శనివారం సాయంత్రం. అంటే ఈ పిల్ల మొదటి రాత్రే గేటు తట్టి ఉంటే మనిషి బతికేవాడేమో. అది చెప్పి ఏం లాభం?

"పడగానే పోయాడమ్మా. బాధపడలేదు."

ఆ రిపోర్టు చదివిన సాయిబాబు నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాడు. ఆ మనిషి చేసిన మంచిపని అదొక్కటే.

"మరి శనివారం పగటీలి స్విచ్ ఎవరు వేసిండ్రు సార్?"

"ఏ స్విచ్?"

"మూడింటికి. సిగ్నల్ పోయింది. వచ్చింది. మళ్ళ పోయింది, వచ్చింది. చానసేపు అట్లనే. నెట్ పాడైందని సమ్మన్నను తిట్టుకున్న."

"కరెంటు పోయి ఉంటుంది."

"మా ఫ్యాన్ తిరుగుతనే ఉండె సార్."

ఏడుకొండలు ఎక్స్‌టెన్షన్ బాక్స్ దగ్గర వంగాడు. మూడు రోజులుగా ఆ వేలిని తలుచుకుంటూ తను ఎంత పొరపాటు పడ్డాడో అప్పుడు తెలిసింది. అది రాత్రి ఆపబోయిన స్విచ్ కాదు. రాత్రంతా, తెల్లారి పగలంతా నేల మీద పడి ఉన్న మనిషి, పనిచేసే ఆ ఒక్క చెయ్యి జరుపుకుంటూ జరుపుకుంటూ అందుకున్న స్విచ్. అరవడానికి నోరు లేదు. ఫోన్ అందదు. గేటు తీసుకుని వచ్చేవాళ్ళు ఎవరూ లేరు. గోడ అవతల ఎవరో ఒకరు ఉన్నారని మాత్రం తెలుసు. ఆ లైటు కొట్టుకోవడం ఏడాదిగా చూస్తున్నాడు.

సమ్మన్న తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు.

ప్రవళిక ఒక్కొక్కరి మొహమూ చూసింది. ఎవరూ ఆమె కళ్ళలోకి చూడలేదు.

"నన్ను పిలిచిండా సార్?"

రెండో అబద్ధం ఏడుకొండలు నోటికి రాలేదు.

"అవునమ్మా."

ఆమె అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. గంగమణి వంగి భుజం పట్టుకుంది. ప్రవళిక ఏడవలేదు.

"అప్పుడు మా ఆయనతోని మాట్లాడుతున్న సార్. ఈ ఊర్ల నాకు ఏమన్నైతే చూసేటోళ్ళు ఒక్కరు గూడ లేరని చెప్పుకుంట ఏడుస్తున్న. గా మాట కాడనే సిగ్నల్ పోయింది."